బంతికి ఒక్కరే

పంజాగుట్ట,
ఆదివారం సాయంత్రం.



పోయిన ఉత్తరానికి వచ్చిన జవాబుల్లో ఒకటి వారం రోజులుగా నన్ను నవ్విస్తోంది. తెనాలి నుంచి ఒకావిడ రాశారు. వాళ్ళమ్మాయి బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి ఏదో కోర్సు చేస్తోంది. మొన్న ఫోన్లో "ఈ వారం కాఫ్కా మొదలైందమ్మా" అందట. పక్కనే ఉన్న వాళ్ళాయన కథలూ నవలలూ బాగా చదివే మనిషి. ఆ మాట వినగానే పొంగిపోయి, "కోచింగు సెంటర్లు బాగుపడ్డాయే! ఏం చెబుతున్నారు, పురుగైపోయినవాడి కథా?" అని అడిగారట. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత అమ్మాయి, "కాదు నాన్నా, కన్స్యూమర్ గ్రూపులు" అందట. "అది రోజూ ఓపిగ్గా చెబుతోంది, మేము రోజూ అర్థమైనట్టు తలూపుతున్నాం. కాస్త మీరైనా చెబుతారా?" అని ఆవిడ ముగించారు.

అమ్మా, మీరు అడక్కపోయినా ఈ ఉత్తరం ఎప్పుడో రాయాల్సింది. నేనూ ఆ గల్లీల్లోంచి వచ్చినవాణ్ణే. ఇప్పుడు ఉండేది పంజాగుట్టలో. మెట్రోలో అమీర్‌పేట పక్క స్టేషనే గాని, ఆదివారం పూట నడిచే వెళ్తాను. మైత్రీవనం దగ్గరికి వచ్చేసరికి చేతిలో కరపత్రాలు పడటం మొదలవుతుంది. "అన్నా, డెమో ఫ్రీ!" నాకు తల నెరిసినా ఆ పిల్లలకి పట్టింపు లేదు, ఈ వయసులోనూ కోర్సు మార్చేవాళ్ళు ఉంటారని వాళ్ళకి తెలుసు. మా ముందు వాళ్ళకి మెయిన్‌ఫ్రేమ్, కోబాల్. మాకు జావా, ఒరాకిల్. ఇప్పుడు డేటా ఇంజనీరింగ్, క్లౌడ్, ఏఐ. ఫ్లెక్సీ మారుతుంది, మేకు అదే. సత్యం థియేటర్ ఉన్నచోట మల్టీప్లెక్స్ లేచింది. హాస్టల్ బోర్డుల మీద రాత మాత్రం చెక్కుచెదరలేదు: టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్.

మీ అమ్మాయి పాఠంలో సగం ఆ బోర్డులోనే ఉంది. ఫోర్ షేరింగ్ గదిలో మంచాలు నాలుగు. ఒక మంచానికి ఒక్కరే. గదిలో ఇద్దరే చేరితే చెరో రెండు మంచాలు. ఒకదాని మీద పడుకుని రెండోదాని మీద బట్టలు ఆరేసుకోవచ్చు. ఐదో మనిషి వస్తే మాత్రం తలుపు దగ్గర పెట్టె మీద కూర్చోవాల్సిందే. ఎందరికి చోటన్నది వచ్చినవాళ్ళని బట్టి తేలేది కాదు, మంచాలు వేసిన రోజే తేలిపోయింది. మిగతా సగం పాఠానికి మాత్రం పెళ్ళి భోజనాల దాకా వెళ్ళాలి. వెళ్దాం, అంతకు ముందు ఆ పేరు సంగతి తేల్చేస్తాను.

మీవారు పూర్తిగా పొరబడలేదు. లింక్డ్‌ఇన్ కంపెనీలో జే క్రెప్స్, నేహా నర్ఖేడే, జున్ రావ్ అనే ముగ్గురు ఇంజనీర్లు మీ అమ్మాయి నేర్చుకుంటున్న ఈ కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థను కట్టారు. నేహా పుణె అమ్మాయి. రావ్ అని చూసి మనవాడే అనుకోకండి, ఆయన చైనా నుంచి వచ్చాడు. 2011లో దాన్ని అందరూ ఉచితంగా వాడుకునేలా బయట పెట్టారు. పేరు పెట్టింది క్రెప్స్. రాయడానికి అనువుగా కట్టిన వ్యవస్థ కాబట్టి రచయిత పేరు బాగుంటుందనుకున్నాడు. కాలేజీలో చదివిన సాహిత్యంలో కాఫ్కా నచ్చాడు, పేరు కూడా బాగా పలుకుతోంది, పెట్టేశాడు. అసలు కాఫ్కా 1924లో పోయే ముందు తన రాతప్రతులు తగలబెట్టమని మిత్రుడు మాక్స్ బ్రాడ్‌కి రాసి పెట్టాడు, బ్రాడ్ వినలేదు. ఈ కాఫ్కాతో ఆ పేచీ లేదు. మనం వేరే చెప్పకపోతే రాసుకున్నదాన్ని ఏడు రోజులు దాచి, ఆపైన తనే తుడిచేసుకుంటుంది.

అది చేసే పనల్లా చిత్రగుప్తుడి పనే. జరిగింది జరిగినట్టు, వచ్చిన వరసలో, ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతుంది. మధ్యలో దూర్చడం, దిద్దడం ఉండవు. మీరు ఫోన్లో టిఫిన్ తెప్పించుకున్నారనుకోండి. ఆర్డర్ పడింది, డబ్బు కట్టారు, వంట అయింది, కుర్రాడు తీసుకున్నాడు, మీ గుమ్మంలో ఇచ్చాడు. ఒక్కొక్కటీ ఒక్కో పద్దు, వాళ్ళ భాషలో మెసేజ్. ఆ పద్దు చూసి ఒకరు మీ ఫోన్‌కి కబురు పంపాలి, ఒకరు హోటల్ లెక్క రాయాలి, ఇంకొకరు మోసం ఏమైనా జరిగిందా అని కనిపెట్టాలి. పద్దులు చదివి పని చేసే ఈ ప్రోగ్రాములే కన్స్యూమర్లు. ఊళ్ళో అందరి టిఫిన్లూ ఒకే పుస్తకంలో రాస్తే ఒక్క కన్స్యూమర్ చదివి తేల్చలేడు. అందుకని పుస్తకాన్ని ముందే కొన్ని భాగాలు చేస్తారు. ఆ భాగం పేరు పార్టిషన్. మనకి ఆ మాట వినగానే అన్నదమ్ములూ, అమీనూ, కొలతల గొలుసూ గుర్తొస్తాయి. గుర్తు రానివ్వండి, ఇదీ పంపకమే.

ఇక పెళ్ళి. చాలా ఏళ్ళ కిందటి మాట. మా బాబాయి కూతురి పెళ్ళి ఇక్కడే పంజాగుట్ట దగ్గర ఒక హాల్లో జరిగింది. అప్పటికే అందరూ బఫేకి మారిపోయారు. బాబాయి మాత్రం "పళ్ళెం పట్టుకుని నిలబడి తినడానికి నా బిడ్డ పెండ్లికి వస్తరా?" అని పట్టుబట్టి బంతులు వేయించాడు. ఆరు బంతులు, బంతికి ముప్పై ఆకులు. వడ్డనకి కేటరింగ్ వాళ్ళు చాలక ఇంటి కుర్రాళ్ళం దిగాం. పెత్తనం మా పెద్ద మావయ్యది. నా చేతికి సాంబారు బకెట్టూ గంటే ఇచ్చి, "మూడో బంతి నీది. ఆ బంతిలో సాంబారు నువ్వే పొయ్యాలి, ఇంకెవడూ పొయ్యకూడదు, నువ్వు ఇంకో బంతిలోకి పోకూడదు" అన్నాడు.

కన్స్యూమర్ గ్రూపుకి మొదటి నియమం సరిగ్గా ఇదే. ఒక గ్రూపులో ఒక పార్టిషన్‌కి ఒక్క కన్స్యూమరే. ఇద్దరు చెరో చివర నుంచి వస్తే నడుమ కూర్చున్నవాడికి రెండుసార్లు పడుతుంది, లేదా వాడు పోశాడులే అని వీడు, వీడు పోశాడులే అని వాడు వెళ్ళిపోతారు. ఇంకో లాభం వరస. ఒకే మనిషి ఒకే బంతిలో మొదటి ఆకు నుంచి నడుస్తాడు కాబట్టి ముందు కూర్చున్నవాడికి ముందే పడుతుంది. కాఫ్కా ఇచ్చే మాట కూడా అంతవరకే: ఒక పార్టిషన్ లోపల వరస తప్పదు. రెండో బంతిలో పదో ఆకుకి ముందు పడిందా, మూడో బంతిలో పదో ఆకుకి ముందు పడిందా అంటే, ఆ పూచీ ఎవరిదీ కాదు.

లెక్క ఇక మీరే వేసేస్తారు. ఆరు బంతులకి ముగ్గురుంటే తలా రెండు బంతులు. ఆరుగురుంటే తలా ఒకటి. తొమ్మండుగురు వచ్చారా, ముగ్గురు గోడకానుకుని బకెట్లు పట్టుకుని నిలబడతారు. మా పెళ్ళిలో అలా నిలబడ్డవాడు మా చిన్నత్త కొడుకు. ఫోటోల్లో మాత్రం అందరికంటే బాగా పనిచేసినవాడిలా పడ్డాడు.

గ్రూపు అన్న మాట ఎందుకంటారా? అన్నం వడ్డించేవాళ్ళు ఒక జట్టు, సాంబారు వాళ్ళు ఒక జట్టు, పెరుగు వాళ్ళు ఒక జట్టు. ప్రతి జట్టూ ఆరు బంతులనీ తనలో తాను పంచుకుంటుంది. నా బంతిలోకి అన్నం బేసిన్ పట్టుకుని ఇంకొకడు రావచ్చు, తగవు లేదు, వాడు వేరే జట్టు. అన్నం వాడు ఇరవయ్యో ఆకు దగ్గర ఉంటే నేను పన్నెండో ఆకు దగ్గర ఉంటాను, పెరుగు వాడు ఇంకా మొదలే పెట్టడు. ఎవరు ఎక్కడిదాకా వచ్చారో ఆ గుర్తు ఎవరిది వాళ్ళదే. దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. ముందున్న ఖాళీ ఆకులెన్నో అది లాగ్. ఫోన్‌కి కబురు పంపే గ్రూపు వేరు, లెక్క రాసే గ్రూపు వేరు, ఇద్దరూ చదివేది అదే పుస్తకం. ఒకరు చదివినందువల్ల రెండోవారికి పద్దు మాయమైపోదు. పాతకాలపు క్యూ పద్ధతికీ దీనికీ ఉన్న పెద్ద తేడా అదే.

సరే, మనుషులు అందరూ ఉన్నంతసేపూ వడ్డన ఎవరైనా చేయించగలరు. మావయ్య గొప్పతనం మనుషులు మాయమైనప్పుడు తెలిసింది. నాలుగో బంతి సాంబారు వాడు ఫోన్ వచ్చిందని మెట్ల మీదికి వెళ్ళి ఇక రాలేదు. మావయ్య చూపు హాలంతా తిరుగుతూనే ఉంది. కాసేపు చూసి, చప్పట్లు కొట్టి, "ఆపండిరా అందరూ!" అన్నాడు. సాంబారు జట్టంతా బకెట్లు కింద పెట్టాం. ఎవడు ఏ బంతో మళ్ళీ మొదటి నుంచి పంచాడు. అందులో నా మూడో బంతి పోయి నాకు నాలుగోది వచ్చింది. ఎందుకు మార్చాడో ఇప్పటికీ తెలీదు. ఆ రెండు నిమిషాలూ హాల్లో ఒక్క చుక్క సాంబారు పడలేదు.

కాఫ్కాలో మావయ్య పేరు గ్రూప్ కోఆర్డినేటర్. ప్రతి కన్స్యూమరూ మూడు సెకన్లకోసారి "ఉన్నాను" అని సైగ చేస్తుండాలి. హార్ట్‌బీట్ అంటారు. నలభై ఐదు సెకన్లు సైగ రాకపోతే పోయినట్టే లెక్క. ఒకప్పుడు పది సెకన్లే ఆగేది, చిన్న దగ్గు వచ్చినా మనిషి పోయాడనుకునేది, 3.0 వెర్షన్ నుంచి ఓపిక పెంచారు. మనిషి పోయినా, కొత్తవాడు చేరినా బంతులు మళ్ళీ పంచడమే రీబ్యాలెన్స్. మొదట్లో అది మా మావయ్య పద్ధతే. అందరూ చేతిలోది వదిలేయాలి, పంపకం అయ్యేదాకా పని బంద్. 2019లో వచ్చిన 2.4లో వేరే పద్ధతి తెచ్చారు. చేతులు మారాల్సిన బంతి మాత్రమే మారుతుంది, మిగతావాళ్ళు వడ్డిస్తూనే ఉంటారు. అదే ఏడాది ఇంకోటి కూడా వచ్చింది. వడ్డించేవాడికి చొక్కా మీద పేరు బిళ్ళ ఉంటే, చేతులు కడుక్కోవడానికి వెళ్ళి గడువులోగా తిరిగొచ్చాడంటే వాడి బంతి వాడిదే, మళ్ళీ పంపకాలు అక్కర్లేదు. నన్నడిగితే ఈ రెండో సదుపాయాన్ని చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాల్సింది.

మెట్లెక్కినవాడి బంతి నాకొచ్చిందన్నాను గదా, అక్కడో చిక్కు. వాడు ఎక్కడిదాకా పోశాడు? మావయ్య దగ్గరున్న కబురు ప్రకారం పద్నాలుగో ఆకు దాకా. నిజానికి వాడు ఇరవై దాకా పోసేశాడు, చెప్పకుండా పోయాడు. నేను పదిహేను నుంచి మొదలుపెట్టాను. ఆరుగురికి రెండోసారి గంటె దించబోయాను. అందులో ఐదుగురు పెద్దలు, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "పడింది నాయనా" అన్నారు. ఆరోవాడు ఏదో మాటల్లో ఉన్నాడు. వాడి అన్నం ఈదింది.

కాఫ్కాతో పనిచేసే ఎవరైనా మొట్టమొదట నేర్చుకోవాల్సింది ఆ చెయ్యి అడ్డం పెట్టడమని నా అభిప్రాయం. మామూలుగా అమర్చుకున్న పద్ధతిలో ఏ మెసేజూ తప్పిపోదుగాని, ఒకటే మెసేజ్ రెండుసార్లు రావచ్చు. పని చేసి, తర్వాత "ఇంతవరకూ అయింది" అని చెబుతాం, దాన్నే కమిట్ చేయడం అంటారు. ఈ రెంటి నడుమ మనిషి పడిపోతే కొత్తవాడు ఆ పని మళ్ళీ చేస్తాడు. తిరగేసి, ముందు చెప్పి తర్వాత చేస్తే కొన్ని ఆకులు ఖాళీగా మిగులుతాయి. పస్తు కంటే రెండో గంటె నయమని లోకం ఒప్పుకుంది. కాని అవతలి ఆకుకి "ఈ నంబరు పద్దు నాకు పడిపోయింది" అని చెప్పగల తెలివి ఉండాలి.

ఆ తెలివి లేని ఆకుల కథ ఒకటి చెబుతాను, నా తలకి చుట్టుకున్నదే. కంపెనీ పేరు వద్దు, ఇప్పుడు అక్కడ లేను. దసరాకి ముందు రోజులు. ఆర్డర్లు పెట్టినవాళ్ళకి ఎస్సెమ్మెస్ పంపే గ్రూపు మా చేతిలో ఉండేది. పన్నెండు పార్టిషన్లు, పన్నెండు కన్స్యూమర్లు, మంచానికొకరు. కన్స్యూమర్ తనే వంటింట్లోకి వెళ్ళి బకెట్టు నింపుకోవాలి, కాఫ్కా తెచ్చి పొయ్యదు. బకెట్టు మామూలు కొలత ఐదు వందల మెసేజ్‌లు. ఒక్కో ఎస్సెమ్మెస్ పంపడానికి సెకనులో పదో వంతు. యాభై సెకన్లలో బకెట్టు ఖాళీ, మళ్ళీ వంటింట్లోకి. హాయిగా నడిచేది.

ఒక రాత్రి ఎస్సెమ్మెస్‌లు మోసే అవతలి వ్యవస్థ మందగించింది. ఒక్కోదానికి సెకనులో ఏడు పదోవంతులు. ఐదు వందలకి మూడు వందల యాభై సెకన్లు, అంటే దగ్గర దగ్గర ఆరు నిమిషాలు. కాఫ్కాకి ఇంకో గడియారం ఉందని అప్పుడు మాలో సగం మందికి తెలీదు. సైగలు చేస్తూ ఉంటే సరిపోదు. ఐదు నిమిషాల్లోగా మళ్ళీ వంటింటి గుమ్మం తొక్కకపోతే, ఊపిరి ఉంది గాని పని లేదని తేల్చేసి బంతి లాగేసుకుంటారు. ఊపిరి ఉండి పని లేనివాళ్ళు మీకూ తటస్థపడే ఉంటారు, అక్కడ ఈ గడియారం ఉండదు, అంతే.

మా కన్స్యూమర్ పాపం పనే చేస్తున్నాడు. కాని ఐదో నిమిషం దాటగానే వాణ్ణి గ్రూపులోంచి తప్పించారు. వాడి బంతి ఇంకొకడికి వెళ్ళింది. "ఇంతవరకూ అయింది" అన్న కబురు అందలేదు కాబట్టి ఆ రెండోవాడు అవే ఐదు వందలు మొదటి నుంచి మొదలుపెట్టాడు, వాడూ ఐదు నిమిషాలు దాటాడు. మొదటివాడు పని ముగించుకుని "నేనొచ్చా" అన్నాడు, మళ్ళీ పంపకాలు. గ్రూపు పంచుకోవడంలోనే ఉంది, ముందుకి జరగడం లేదు. జనానికి మాత్రం మీ ఆర్డర్ బయల్దేరింది, మీ ఆర్డర్ బయల్దేరింది, మీ ఆర్డర్ బయల్దేరింది.

మేం ఏం చేశాం? ఎవరైనా చేసేదే చేశాం. మనుషుల్ని పెంచాం. ఇంకో పన్నెండు కన్స్యూమర్లని దించాం. పార్టిషన్లు పన్నెండే, కాబట్టి ఎటు తిరిగినా పన్నెండుగురు గోడకి. పైగా ఒక్కొక్కరు గుమ్మం దాటినప్పుడల్లా మావయ్య మళ్ళీ చప్పట్లు. మూడు గంటలప్పుడు వేరే జట్టులో పనిచేసే ఒక అక్కని నిద్ర లేపాం. ఆవిడ మేం చెప్పిందంతా విని, "ఇరవై నలుగురు ఎందుకురా, బకెట్టు చిన్నది చెయ్యండి" అని ఫోన్ పెట్టేశారు. ఐదు వందలు ఉన్నచోట యాభై పెట్టాం. యాభై మెసేజ్‌లకి ముప్పై ఐదు సెకన్లు. గ్రూపు నిలబడింది. తెల్లవారుజామున పంజాగుట్ట చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగుతుంటే నా ఫోన్ మోగింది. నేను పెట్టుకున్న ఆర్డరు, నాలుగోసారి బయల్దేరింది.

ఆ రాత్రి తర్వాత నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడు "పార్టిషన్ల కంటే కన్స్యూమర్లు ఎక్కువైతే ఏమవుతుంది?" అని అడగడం మానేశాను. జవాబు అమీర్‌పేటలో జెరాక్స్ తీసిన ప్రతి మెటీరియల్‌లోనూ ఉంటుంది, ప్రతి పిల్లవాడూ కళ్ళు మూసుకుని అప్పజెబుతాడు. నేనడిగేది వేరు: బంతులు ఎలా వేస్తావు? ఏ పద్దు ఏ పార్టిషన్‌లోకి వెళ్ళాలో దేన్ని పట్టి తేలుస్తావు? అక్కడ చాలామంది ఆగిపోతారు. అసలు పంపకం జరిగేది మాత్రం అక్కడే. కన్స్యూమర్లు పంచుకోవడమన్నది ఆ తర్వాతి మాట.

ప్రతి మెసేజ్‌కీ ఒక కీ ఇవ్వొచ్చు. కాఫ్కా ఆ కీని ఒక పెద్ద అంకెగా మార్చి, పార్టిషన్ల సంఖ్యతో భాగించి, శేషం ఎంతొస్తే ఆ పార్టిషన్‌లో రాస్తుంది. టిఫిన్ ఆర్డర్ నంబరుని కీ చేశామా, ఒక ఆర్డర్‌కి చెందిన పద్దులన్నీ ఒకే బంతిలో, వరసగా పడతాయి. "ఇచ్చాడు" అన్నది "తీసుకున్నాడు" కంటే ముందు చదవబడదు. ఊరి పేరుని కీ చేశామా, చచ్చాం. హైదరాబాద్ అంతా ఒకే బంతిలో, మిగతా బంతుల్లో పలచగా పదిమంది.

దీనికి పెళ్ళి ఉపమానం చాలదు, అమీర్‌పేట మెట్రో కావాలి. 2017 నవంబరులో రైలు మొదలైనప్పటి నుంచీ అమీర్‌పేట రెండు దారులు కలిసే చోటు, మియాపూర్ నుంచి వచ్చేదీ నాగోల్ నుంచి వచ్చేదీ. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి చూడండి. రాయదుర్గం వైపు ప్లాట్‌ఫామ్ మీద చీమ దూరదు, నాగోల్ వైపు ఊపిరి పీల్చుకోవచ్చు. ఎవరు ఏ ప్లాట్‌ఫామ్‌కి వెళ్ళాలో తేల్చేది వాళ్ళ గమ్యం, అదే కీ. జనం గమ్యం ఒకటే అయినప్పుడు నాగోల్ వైపు పది రైళ్ళు పెంచినా రాయదుర్గం వైపు నిలబడ్డవాడికి ఒరిగేదేమీ లేదు.

బంతులు తక్కువయ్యాయని తర్వాత పెంచుకోవచ్చా? పెంచొచ్చు. తగ్గించడం కుదరదు. పెంచినా ఒక మెలిక ఉంది. కీ అంకె 17 అనుకుందాం. ఆరు పార్టిషన్లుంటే శేషం 5. రేపు ఎనిమిది చేస్తే శేషం 1. నిన్నటిదాకా ఐదో పుస్తకంలో పడిన ఆర్డర్ పద్దులు ఇవాళ్టి నుంచి ఒకటో పుస్తకంలో పడతాయి. ఐదో పుస్తకం చదివేవాడు వెనకబడి ఉంటే, ఒకటో పుస్తకంవాడు కథ చివర ముందు చదివేస్తాడు. ఆకులు సగం నిండాక బంతి మార్చి కూర్చోమంటే జరిగే గందరగోళమే. అందుకే అనుభవమున్నవాళ్ళు మొదటే కాస్త ఎక్కువ బంతులు వేస్తారు. మరీ ఎక్కువ వేస్తే ఆ పుస్తకాల బరువు కూడా మోయాలి, అది వేరే ఉత్తరం.

వరస అక్కర్లేని పనులూ ఉంటాయి గదా అని మీవారు అడగొచ్చు. ఉంటాయి. మైత్రీవనం వెనక జెరాక్స్ కొట్లో ఏ మిషన్ ఖాళీ అయితే దాని మీద నోట్సు పెడతారు, ఎవరి నోట్సు ముందన్నది ఎవరికీ పట్టదు. ఇన్నాళ్ళూ కాఫ్కాలో అలాంటి పనికీ బంతులే వేయాల్సి వచ్చేది. 2025 మార్చిలో 4.0 వచ్చింది. అందులో షేర్ గ్రూపులని కొత్తది ముందస్తుగా చూపించారు. ఒకే పార్టిషన్ మీద ఎందరైనా నిలబడొచ్చు. చేతికందిన మెసేజ్ తీసుకుంటే ముప్పై సెకన్లు అది వాళ్ళది, ఆలోగా అయిందని చెప్పకపోతే ఇంకొకరికి పోతుంది. ఐదుసార్లు ప్రయత్నించినా తెమలకపోతే పక్కన పెట్టేస్తారు. వరస మీద ఆశ వదులుకోవాలి. మా ఎస్సెమ్మెస్‌ల రాత్రి ఇది ఉండి ఉంటే ఆ పన్నెండుగురూ గోడకి ఆనకుండా పని చేసేవాళ్ళు. అదే 4.0లో మావయ్యకి కూడా కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. ఇదివరకు పంపకం జాబితా తయారుచేసేది గ్రూపులోనే ఒక కన్స్యూమర్, సాధారణంగా ముందు చేరినవాడు. మావయ్య చదివి వినిపించేవాడంతే. కొత్త పద్ధతిలో జాబితా మావయ్యే వేసి, ఎవరి మార్పు వాళ్ళ చెవిలో చెబుతాడు. చప్పట్లు లేవు.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అంటారు గదా. ఆ పెళ్ళిలో మా వాళ్ళంతా ఆ ధైర్యంతోనే ఆరో బంతిలో కూర్చున్నారు. తీరా చూస్తే రీబ్యాలెన్సులో ఆ బంతి ఎవరో కేటరింగ్ అబ్బాయికి పడింది. నేను నాలుగో బంతిలోంచి చూస్తూ ఉండిపోయాను. ఆ అబ్బాయి మా అత్తయ్యకి కూడా అందరికీ పోసినంత సాంబారే పోశాడు. ఆవిడ ఇప్పటికీ ఆ మాట నన్నే అంటుంది.

అమ్మా, సంక్రాంతికి పిల్ల ఇంటికొచ్చినప్పుడు మీరు తలూపకండి. "బంతులెన్ని వేశారే మీవాళ్ళు, ఏం చూసి వేశారు?" అని అడగండి. అమ్మాయి బిత్తరపోతే ఆ ముఖం ఎలా ఉందో నాకు రాయండి.

ఉంటాను.

మీ
పంజాగుట్ట మిత్రుడు

తా.క.: మీరు అమ్మాయి చేత పంపిన అరిసెల డబ్బా మైత్రీవనం దగ్గర టీ బండి పక్కన నా చేతికందింది. ఫోర్ షేరింగ్ గది మీదుగా వచ్చింది కాబట్టి అడుగున రెండు మిగిలాయి. ఆరోజే తినేశాను, కమిట్ చేయడం ఇవాళ్టికి కుదిరింది.